గోపురానికి చందా సరే, పాత రాయి సంగతో?

మన సంఘంలో ఏటా ఎవరో ఒకరు "మా ఊరి గుడికి కుంభాభిషేకం, తలా ఓ చెయ్యి వేయండి" అంటారు. వేస్తాం, వేయాలి కూడా. కొన్నాళ్లకు వాట్సాప్‌లో ఫోటో వస్తుంది. నున్నటి గ్రానైటు పలక, దాని మీద మన పేర్లు, పేర్లకెదురుగా అంకెలు. చర్చికిచ్చినా, మసీదుకిచ్చినా ఇదే తంతు. పేరు చూసుకుని మురిసిపోతాం గానీ, ఆ పలక బిగించిన చోట అంతకుముందు ఏముండేదని ఒక్కరమూ అడగం.

ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడికి వెళ్లినవాళ్లు స్తంభాల మీద, గోడల మీద వందలకొద్దీ శాసనాలు చూసే ఉంటారు, కనీసం వాటికి ఆనుకుని సెల్ఫీ అయినా దిగి ఉంటారు. చాలావరకు అవీ చందా పలకలే. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో స్వామికి అఖండ దీపం పెట్టించాలనుకున్న దాత యాభై గొర్రెల్నో, పాతిక ఆవుల్నో ఇచ్చేవాడు. ఆ మందను ఫలానా బోయకు (మందలు కాసేవాడికి) అప్పగించాం, అతనూ, అతని కొడుకులూ, మనవలూ రోజూ మానెడు నెయ్యి పోయాలి అని రాతి మీదే చెక్కించేవారు. శక సంవత్సరం, దాత ఎవరు, ఆ పుణ్యం ఎవరికి చెందాలి, అన్నీ ఉంటాయి. దాతల్లో ఆడవాళ్లు కూడా తక్కువేం లేరు. మన పలక మీద పేరూ అంకే తప్ప ఇంకేముంది? ఆ డబ్బుతో ఏం చేశారో, దాన్ని ఎవరు చూసుకుంటారో ఓ ముక్క ఉండదు. వెయ్యేళ్ల కిందటి నెయ్యి లెక్క మనకు తెలుసు. 1950ల్లో సొంత ఊరి గుడికి మండపం కట్టించిందెవరంటే మాత్రం ముఖముఖాలు చూసుకుంటాం.

నరసాపురం తీసుకోండి. వశిష్ఠ గోదావరి ఒడ్డున చిన్న పట్నం. రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లిలో దిగితే అంతర్వేది దారి. ఇప్పుడున్న అంతర్వేది ఆలయం అగ్నికుల క్షత్రియులైన కొపనాతి వారి కుటుంబం కట్టించిందని, 1823 నాటికి పూర్తయిందని చెబుతారు. అది పూర్తయిన పదమూడేళ్లకు, 1836లో, ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి ఇద్దరు క్రైస్తవ మిషనరీలు మన తీరానికొచ్చారు. విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. వెనక జీతమిచ్చే సొసైటీ లేదు, పైన బిషపు లేడు. ముందు మచిలీపట్నంలో ఉండి, తర్వాత ఒకరు నరసాపురంలో, మరొకరు పాలకొల్లులో స్థిరపడ్డారు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847 నుంచి 1852 దాకా సాగితే, అక్కడ కూడిన కూలీల మధ్యకూ వెళ్లి బోధించారు. గోదావరి డెల్టా మిషన్ అలా వేళ్లూనుకుంది. బ్రదరన్ అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ సంఘాలకు వాళ్లే మూలమని ఆ ప్రాంతంలో చాలామంది చెబుతారు.

అయితే ఆ సంఘాల్ని తరాల తరబడి నిలబెట్టింది తెలుగువాళ్లు. ఆదివారం రొట్టె విరిచే ఆరాధనకు ముందే వచ్చి చాపలు పరిచినవాళ్లు, వరదొస్తే పుస్తకాల పెట్టె అటక మీదికి ఎక్కించినవాళ్లు. దొరల పేర్లు మిషన్ పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. వీళ్ల పేర్లు ఉండేది బాప్తిస్మపు రిజిస్టర్లలో, మినిట్స్ పుస్తకాల్లో, సమాధి రాళ్ల మీద. డెల్టా చెమ్మకి కాగితం ఎన్నేళ్లు బతుకుతుందో అక్కడ పుట్టినవాళ్లకి వేరే చెప్పాలా?

ఇంకోటుంది, అది గుడీ కాదు, చర్చీ కాదు. 1850ల్లో జి.ఎన్. టేలర్ అనే సబ్ కలెక్టరు హయాంలో నరసాపురం చుట్టుపక్కల రైతులు శిస్తుతో పాటు బడి కోసం విడిగా పన్ను వేసుకున్నారు. ఊళ్లో టేలర్ హైస్కూలు పేరు ఆయనదే. పన్ను కట్టిన రైతుల పేరు మాత్రం దేనికీ లేదు.

2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయినప్పుడు మనమంతా ఎంత కదిలిపోయామో గుర్తుందిగా. టేకు తెచ్చారు, వడ్రంగుల్ని పిలిపించారు, 2021 ఉత్సవాల నాటికి కొత్త రథం సిద్ధమైంది. గుడి దస్తావేజుల బీరువా కాలితే ఏ వడ్రంగి చేసిపెడతాడు?

పాత రాళ్లు తవ్వితే గొడవలొస్తాయని భయపడేవాళ్లున్నారు. రాజమండ్రి పాత మసీదులో 1324 నాటి పారశీక శాసనం ఉంది. ఆ కట్టడం గురించి ఎవరి వాదన వాళ్లది. వాదించుకోవడానికైనా రాయంటూ ఉండాలి కదా. ఊరి చరిత్రని మతాల వారీగా మూడు సావనీర్లుగా కోసుకోవడం కూడా నాకు నచ్చదు. పిఠాపురం సూఫీ పీఠాధిపతి, తెలుగు కవి ఉమర్ ఆలీషా (1885–1945) శిష్యుల్లో హిందువులూ ఎందరో. ఆయన్ని ఏ సావనీర్లో వేస్తారు? మాన్యాల హక్కులు తేల్చడానికి 1858లో పెట్టిన ఇనాం కమిషన్ గుమాస్తాలు మనకన్నా నయం. గుడి మాన్యం, మసీదు మాన్యం, సత్రం మాన్యం అన్నీ ఆ రిజిస్టర్లలోకే ఎక్కించారు.

కాబట్టి మన సంఘం కార్యవర్గానికి నేనడిగేది ఇదీ. ఏ మతం కట్టడానికి చందా పోగుచేసినా అందులో పదోవంతు రికార్డుకి తీసి పక్కన పెట్టండి. ఎనామిల్ పెయింటు వేసే ముందు, టైల్స్ పరిచే ముందు, మరీ ముఖ్యంగా శాండ్ బ్లాస్టింగ్ మెషిన్ తెచ్చే ముందు (మకిలితో పాటు అక్షరాలూ ఎగిరిపోతాయి) ప్రతి రాయినీ, ప్రతి పాత పుస్తకాన్నీ ఫోటో తీయించండి. ఓ కాపీ ఆలయ కమిటీకో, చర్చి సంఘ పెద్దలకో, మసీదు పెద్దలకో, ఇంకో కాపీ ఊరి లైబ్రరీకి ఇవ్వండి. డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలకి సెలవుల్లో పని, చేతిలో నాలుగు డబ్బులు. "దేవుడి సొమ్ము ఫోటోలకా?" అని ఎవరో అంటారని తెలుసు. నెయ్యి పోసే బోయ పేరు దేవుడి రాతి మీదే రాయించినవాళ్లకి అది దుబారా అనిపించలేదు.

ఈసారి ఏ ఊరి కమిటీకైనా మా ఇంటి నుంచి డబ్బు రెండు విడతలుగా వెళ్తుంది. ఆ ఫోటోలు అందాకే రెండోది.