మంచి మనసుకు నీళ్ల లెక్క కూడా కావాలి

మన సీమలో ఎవరు చేసిన పనైనా బెడిసికొడితే, పక్కనున్నవాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది: "పాపం, ఆయన మనసు మంచిదే." బోర్లు వేసి అప్పులపాలైన రైతు గురించీ ఇదే అంటాం, నీళ్లు పారని కాలువ తవ్వించిన నాయకుడి గురించీ ఇదే అంటాం. ఓదార్పుగా అంటే తప్పేమీ లేదు. కానీ ఆ మాట అన్నాక ఇక అడగాల్సిందేమీ లేదన్నట్టు ఊరుకుంటున్నాం. తెలుసుకునే వీలున్న సంగతి తెలుసుకోకుండా, మంచి జరగాలని కోరుకుంటూ పనిలోకి దిగితే అది సదుద్దేశమేనా? కాదనే నేనంటాను.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చదివినవారికి ఈ ప్రశ్న కొత్తదేమీ కాదని తెలుస్తుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. శాసనం 1369 నాటిది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. అంతకంటే విలువైన భాగం, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు. మొదటి అంగం, ధర్మబుద్ధీ సంపదా ఉండి, నిలిచే కీర్తి కోరుకునే రాజు. రెండోది, జలశాస్త్రం తెలిసిన పండితుడు. గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, రాతికట్ట, పని తెలిసిన కూలీలు ఆ తర్వాత వస్తాయి. దోషాల్లో కట్ట కారడం ఉంది, చవుడు నేల ఉంది, చెరువు నడుమ మిట్ట ఉంది. నీళ్లు కొంచెమై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం కూడా ఉంది. ఈ చివరిది చదివినప్పుడల్లా నాకు మన జిల్లాలే కళ్లముందు కదులుతాయి.

రాజు ధర్మాత్ముడైతే చాలు, కట్ట అదే నిలుస్తుందని ఆ శాసనం రాసినవాళ్లు అనుకోలేదు. ధర్మబుద్ధి పక్కనే నీళ్ల సంగతి తెలిసిన మనిషిని కూర్చోబెట్టారు. రాజుకు కీర్తికాంక్ష ఉన్నా అభ్యంతరపెట్టలేదు. జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ అయితే ఇక్కడ ఒప్పుకోడు. పేరు కోసం చేసిన పని మంచిదే కావచ్చు గానీ దానికి నైతికమైన విలువ లేదంటాడు. ఈ విషయంలో నేను పోరుమామిళ్ల వైపే. దాహం తీర్చే చెరువుకు కట్టించినవాడి మనసు నూటికి నూరుపాళ్లు స్వచ్ఛంగా ఉండాలని పట్టుబట్టను.

అయితే కాంట్ చెప్పిన ఇంకో మాట మనకు చాలా అవసరం. పని ఫలించకపోయినా మంచి సంకల్పం విలువ తగ్గదని ఆయన 1785లో రాశాడు. ఇంతవరకే విని సంతోషపడిపోతాం. సంకల్పమంటే ఉత్త కోరిక కాదని, మన చేతిలో ఉన్న సాధనాలన్నీ కూడగట్టి ప్రయత్నించడమని కూడా ఆయన అక్కడే అన్నాడు. తెలుసుకోవడం అలాంటి సాధనాల్లో మొదటిది. ఆ కష్టం పడకపోతే మిగిలేది కోరికే.

అనంతపురం జిల్లాలో నార్పల, పుట్లూరు వైపు చీనీ (బత్తాయి) తోటల ఊళ్లకు వెళ్తే ఇది కళ్లారా కనిపిస్తుంది. తోట ఎండుముఖం పడుతుంది. నీళ్ల జాడ చెప్పే ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది నిటారుగా లేచినచోట బోరు పాయింట్ పెడతారు. రాత్రికి బోరు బండి వస్తుంది, అడుగుకు ఇంతని రేటు. ఇంటావిడ పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటుంది. మొదట ఎర్రమట్టి వస్తుంది, తర్వాత బూడిదరంగు రాతిపొడి. ఆ పొడి చీనీ ఆకుల మీద పేరుకుంటూనే ఉంటుంది. ఒకచోట కాస్త తడి తగిలి పొడి ముద్దలా వస్తుంది, అందరూ ముందుకు వంగుతారు. మళ్లీ దుమ్మే. "ఇంకో వంద అడుగులు వేద్దాం" అంటాడు రైతు. పిల్లల చదువు, కూతురి పెళ్లి, తోట మీద పెట్టిన పదేళ్ల కష్టం అన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఆయన ప్రేమను శంకించే హక్కు ఎవరికీ లేదు.

కానీ నేల సంగతి వేరు. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కింద ఉన్నది చాలావరకు గ్రానైట్, నైస్ లాంటి గట్టి రాయి. నీళ్లు పైనున్న, రాయి చివికిపోయిన పొరలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తాయి. పగులు తగలకపోతే ఎంత లోతుకు పోయినా దుమ్మే. తగిలితే, అదే పగులు నుంచి పక్కచేని బోరుకూ నీళ్లు అందుతుండొచ్చు. కొన్నిసార్లు మనకు పడిన నీళ్లు పక్కవాడికి ఆగిన నీళ్లే.

మనం పెట్టుకున్న నియమాన్ని అందరూ పాటిస్తే అది నిలబడుతుందా అని కాంట్ అడగమంటాడు. తిరిగివ్వనని తెలిసీ ఇస్తానని అప్పు తీసుకోవడం ఆయన ఇచ్చిన ఉదాహరణ. అందరూ అలా చేస్తే మాట నమ్మి అప్పిచ్చేవాడే మిగలడు. "పక్కవాడికంటే లోతుకు వేస్తా" అనేదీ అంతే. ఊరంతా అలాగే వేస్తే లోతు పెరుగుతుంది, అప్పు పెరుగుతుంది, నీళ్లు మాత్రం పెరగవు. ఈ ప్రశ్న వేసుకోవడాన్నే నేను వివేకం అంటాను. అది వేసుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు.

మన రైతులు వేసుకున్నారు కూడా. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం ఒకటి నడిచింది. అందులో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు ఉన్నాయి. వానమాపకంలో వాన కొలిచారు, బావుల్లో మట్టాలు చూసుకున్నారు, రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంట ఎంత పెట్టొచ్చో లెక్క వేసుకున్నారు. ఎవరి మీదా బలవంతం లేదు. లెక్క చూశాక వరి తగ్గించి, తక్కువ నీళ్లతో పండే ఆరుతడి పంటలకు మారినవాళ్లు ఉన్నారు. అంతకుముందు వాళ్ల మనసేమీ చెడ్డది కాదు, లెక్కే చేతిలో లేదు.

దీనికి ఒక గట్టి ఎదురుప్రశ్న ఉంది. "ముందు వేసుకున్నవాడు తోట పండించుకుంటున్నాడు, నేను మాత్రం ఎందుకు ఆగాలి?" ఇది న్యాయమైన ప్రశ్న. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోరుకు అనుమతి తీసుకోమంటుంది. అంటే ఆలస్యంగా వచ్చిన పేదరైతునే ముందు ఆపుతుంది. అందుకే మొదటి అడుగు నీళ్లున్నవాళ్లే వేయాలి. బోరులో రెండించుల నీళ్లున్న రైతు పక్కచేని శెనక్కాయకు పైపులైనుతో ఒక తడి ఇస్తానంటే, కొత్త బోరు వేయనని అవతలివాడి దగ్గర మాట అడగొచ్చు. అలా పంచుకున్న రైతులు మన జిల్లాలోనే ఉన్నారు. కాకపోతే నోటిమాటతో వదిలేస్తే మొదటి ఎండాకాలానికే తగాదా వస్తుంది. మోటారు ఎన్ని గంటలు ఆడాలి, ఎవరికి ఎన్ని తడులు, నీళ్లు తగ్గితే ముందు ఎవరి పంట కాపాడాలి అన్నవి రబీ విత్తనం పడకముందే గ్రామసభలో కాగితం మీదికి ఎక్కాలి.