మేడ మీది డిష్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డిష్ గారి దివ్యసముఖానికి, మారతహళ్లిలో తమరి కింద మూడో అంతస్తులో అద్దెకుంటున్నవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఆ కుశలం ఎన్నాళ్లుంటుందో బెంగళూరు మబ్బులు తేల్చాలి. ఏప్రిల్ వచ్చేసింది కదా, మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రానికి ఉరుములు మొదలు.

తమరి దూరదృష్టి గొప్పది, కాదనను. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం కోసం ఆగ్నేయానికి మెడ తిప్పి కూర్చున్నారు. గాలికి ఓ రెండు డిగ్రీలు కదిలితే చాలు, అలిగి సీరియల్ మధ్యలో సిగ్నల్ లేదంటారు. అంత దూరపు చుట్టరికాన్ని అంత పట్టుగా నిలబెట్టుకున్నవారికి నాలుగంతస్తుల కిందున్న నేలతో మాత్రం మాటల్లేవు. తమరి కాలి నుంచి భూమికి ఒక్క రాగి తీగ లేదు. నా టీవీ దాకా మాత్రం కేబుల్ దిగింది. పైన ఏ ఉపద్రవం వచ్చినా దాని కోసం సిద్ధంగా ఉన్న దారి నా హాల్లోకే.

తమర్ని బిగించిన కుర్రాణ్ణి అప్పుడే అడిగాను, ఎర్తింగ్ ఏదయ్యా అని. “ఏనూ ఆగల్ల సార్” అన్నాడు. ఏమీ కాదట. పిడుగు తరఫున హామీ ఇచ్చి బండెక్కాడు.

ఓనరు గారిది మరో లెక్క. ఆయన వాస్తు మనిషి, పొయ్యి ఆగ్నేయం నుంచి జానెడు జరిగినా ఒప్పుకోరు. ఎర్తు సంగతి ఎత్తగానే, “పార్కింగులో గుంత ఉంది కదండీ” అన్నారు. ఉంది. బొగ్గూ ఉప్పూ వేసి, పైపు దించి కట్టించిన గుంతే. తర్వాత దాని మీద టైల్స్ పరిచి, ఆ టైల్స్ మీద తులసి కోట పెట్టించారు. రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు పోస్తారు, పుణ్యం తులసికి. తడి ఉంటేనే పనిచేసే ఆ ఎర్తు గుంత ఎండి ఎన్నేళ్లయిందో!

మా తాతల నాటి వాల్వు రేడియోల వెనక రెండు కన్నాలుండేవి, ఒకటి ఏరియల్‌కి, ఒకటి ఎర్తుకి. చదువు రానివాళ్లు కూడా ఆ రెండోదానికి తీగ తగిలించేవాళ్లు, చాలామంది ఇనుప కుళాయి గొట్టానికే చుట్టేవాళ్లు. ఇప్పుడు ఆ పాత చిట్కా పనికిరాదు. ఇంట్లో గొట్టాలన్నీ ప్లాస్టిక్కువే. ఇక గ్యాస్ పైపుకి చుడదామనీ, ప్లగ్గులోని న్యూట్రల్‌కి కలిపేద్దామనీ సలహా ఇచ్చే మహానుభావులున్నారు. వాళ్ల కంటే పిడుగే నయం.

సెట్‌టాప్ బాక్సు అడాప్టరుకి రెండే పిన్నులు. తమరి ముక్కు మీద సిగ్నల్ పట్టే చిన్న డబ్బాకి, అదే ఎల్‌ఎన్‌బీకి, 13 వోల్టులో 18 వోల్టులో పంపడం దానికి చేతనవును, ఎర్తు ఊసు దానికీ లేదు. అందుకే ఒక్కోసారి కేబుల్ మర బిగిస్తుంటే వేళ్లు జివ్వుమంటాయి. అడాప్టరు లోపలి కెపాసిటర్ల గుండా జారే కాస్త కరెంటు, దిగే దారి లేక నా చేతిని పట్టుకుంటుంది.

అలాగని తమరికి కోరినదల్లా గొంతెమ్మ కోరికేం కాదు. స్తంభానికి లావుపాటి రాగి తీగ, అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60728-11 ప్రకారం కనీసం 16 చదరపు మిల్లీమీటర్లది. కేబుల్ ఇంట్లోకి దూరే చోట దాని తొక్క కింది లోహపు జల్లెడను పట్టే చిన్న లోహపు దిమ్మ. ఈ రెండూ కలిసి వెళ్లాల్సింది బిల్డింగు అసలు ఎర్తుకే. తమరి కోసం విడిగా ఓ కడ్డీ పాతి ఊరుకుంటే, దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఆ కడ్డీకీ ఇంటి ఎర్తుకీ మధ్య వేల వోల్టుల తేడా పుట్టొచ్చు. ఆ తగాదా తీర్చుకోవడానికి అవి రెండూ కలుసుకునే చోటు నా టీవీ. తీగ పొట్టిగా, తిన్నగా దిగాలి. మిగిలిందని చుట్ట చుట్టి వేలాడదీస్తే మెరుపు అంత ఓపిగ్గా తిరగదు.

ఇంత చేసినా పిడుగు నేరుగా తమరి నెత్తినే పడితే ఆ తీగ నా టీవీని కాపాడుతుందని ఎవరూ చెప్పరు. పక్క వీధిలో పడ్డ పిడుగు తెచ్చే విసురుకీ, పొడి గాలికి తమరి ఒంటి మీద చేరే స్టాటిక్‌కీ, ఎక్కడో తొక్క ఊడిన మెయిన్స్ వైరు తమర్ని తాకితే దిగే కరెంటుకీ మాత్రం నేలకి దారి ఉంటుంది. ఉరుములు దగ్గరికొచ్చాక కేబుల్ పీకుదామని లేవడం మంచి ఆలోచన కాదు, ఆ పని మబ్బు పట్టకముందే చెయ్యాలి. ఆ ప్రమాణంలోనే ఇంకో సంగతుంది: పైకప్పు అంచుకి 2 మీటర్ల కన్నా కిందగా, గోడకి 1.5 మీటర్ల లోపల ఒదిగి ఉండే డిష్‌లకి ఈ పిడుగు తీగ తప్పనిసరి కాదు. బాల్కనీ గోడ చూపిస్తే తమరు కాదన్నారట. ఉపగ్రహానికి ఎదురింటి నాలుగో అంతస్తు అడ్డమట.

శనివారం ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. తులసి కోట జరపడానికి ఓనరు గారు ఒప్పుకున్నారు, ముహూర్తం చూశాకేనట. తీగ ఖర్చు అద్దెలో తగ్గించుకుంటానంటే, “నోడోణ” అన్నారు, చూద్దామని. ఇక మిగిలింది నాలుగో అంతస్తువారు తమరి కాలికీ నీళ్ల ట్యాంకుకీ మధ్య కట్టిన ఇనుప దండెం. తడి లుంగీలు దాని మీదే ఆరుతున్నాయి. దాన్ని విప్పమని ఆ ఆంటీతో చెప్పే ధైర్యం నాకు లేదు, ఎత్తులో ఉన్నారు కాబట్టి తమరే చెప్పుకోండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి కేబుల్ అవతలి కొసన ఉన్నవాడు