నీడల శాఖకు ఒక మంత్రి కావాలి

హైదరాబాద్ సమస్యలు చెప్పమంటే ట్రాఫిక్ అంటారు, నాలాలంటారు, మూసీ అంటారు. వానాకాలం వస్తే మోకాటిలోతు నీళ్ళ మీద సంపాదకీయం రాయని పత్రిక ఉండదు. అదే నగరంలో ఒకే పేజీ మీద రిబ్బను నీడ కుడికి, గుండీ నీడ ఎడమకి పడుతుంటే అడిగే నాథుడు లేడు. పేజీకి ఇద్దరు సూర్యులా? పంచాంగకర్తలైనా నోరు విప్పాలి కదా.

విషయం తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. కత్తెరా జిగురూ లేకుండా కంప్యూటర్లో కట్టే ఫొటో ఆల్బమ్‌ని డిజిటల్ స్క్రాప్‌బుక్ అంటారు. పేజీ సాధారణంగా 12 అంగుళాల చదరం. అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన 1,29,60,000 పిక్సెళ్ళు. అందులో బిడ్డది 4 అంగుళాల చదరపు ఫొటో పెడితే బిడ్డకు దక్కేది తొమ్మిదో వంతు. మిగతా ఎనిమిది వంతులూ ఎలిమెంట్లవి: రిబ్బన్లు, గుండీలు, పూలు, చిరిగిన కాగితాలు, స్టేపుల్ పిన్నులు. నిజంగా అతికించినట్టు కనబడాలని వీటన్నిటికీ నీడలు కూడా వేస్తారు. పిన్ను సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. లేని పిన్ను లేని కాగితాన్ని మరో లేని కాగితానికి పట్టి ఉంచుతుంది. అద్వైతం మీద ఉపన్యాసాలిచ్చేవారు ఇంత సులువుగా ఎప్పుడైనా చెప్పారా? పైగా ఆ పిన్నుకు తుప్పు పట్టించాలి. లేకపోతే నమ్మకంగా ఉండదట.

ఇన్నాళ్ళూ ఈ సరుకంతా రెడీమేడ్ కిట్లలో దిగుమతి అయ్యేది. మే నెల ఎండలో మల్కాజిగిరిలో జరిగిన మొదటి పుట్టినరోజుకి చుట్టూ మంచు తునకలు. బోనాల పేజీకి మూలన పైన్ కాయ. బతుకమ్మ ఫొటో మీద ఎర్రటి మేపుల్ ఆకు. ఆ ఆకు రాలాలంటే ఇక్కడి నుంచి ఏ ఖండానికి వెళ్ళాలో గూగుల్ మ్యాప్స్‌ని అడగాలి.

ఈ పరాధీనతను సహించలేక మా వదిన స్వదేశీ ఉద్యమం మొదలుపెట్టింది. ఎలిమెంట్లు తనే తయారుచేస్తుంది. ఫొటోషాప్‌కి డబ్బు కట్టకుండా ఉచితంగా దొరికే గింప్, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్లతోనే. మోండా మార్కెట్లో తంగేడు పూలు కొని, స్కానర్ అద్దం మీద పారదర్శకపు షీటు పరిచి, మూత తెరిచే ఉంచి, గదిలో లైట్లార్పి స్కాన్ చేస్తుంది. చీకట్లో వెనకంతా నల్లగా వస్తుంది కాబట్టి పసుపు పువ్వును అంచుల వెంట వేరుచేయడం తేలిక. ఇందులో శాస్త్రం ఉంది. ఆ సమయంలో గదిలోకి వచ్చిన పెద్దమ్మకు మాత్రం శాస్త్రం కనబడలేదు, చీకట్లో పూలు పెట్టి ఏదో యంత్రం ముందు కూర్చున్న కోడలు కనబడింది. అంతకు ముందు వారమే అడిగింది పాపం:

"ఏందే, రాత్రంతా గుండీ కత్తిరిస్తున్నవా?"

"గుండీ కాదత్తమ్మా, గుండీ అంచు."

పెద్దమ్మ వేసే చుక్కల ముగ్గు కూడా ఉద్యమంలో భాగమైంది. దాన్ని ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చితే గోడంత పెంచినా మసకబారదు. వాకిట్లో పావుగంటలో అయ్యే పని కంప్యూటర్లో మూడు రోజులు పడుతుంది, కానీ వాన పడితే చెరగదు. ఇరానీ చాయ్ మరక సంగతి ఇంకా గొప్పది. తెల్లకాగితం మీద కప్పు అడుగు ముద్ర వేసి, ఆరబెట్టి, స్కాన్ చేసి, మల్టిప్లై మోడ్‌లో (కింది బొమ్మ రంగుతో కలిపేసే పద్ధతి) పెడితే తెలుపు మాయమై మరకే మిగులుతుంది. దీనికోసం మా వదిన కప్పు మీద కప్పు చాయ్ ఒంపింది. అదే వారంలో అన్నయ్య టేబుల్ క్లాత్ మీద కప్పు పెట్టినందుకు ఇంట్లో జరిగిన విచారణ వివరాలు ఇక్కడ రాయడం మర్యాద కాదు. మరకల్లో కూడా కళాత్మకం, కళావిహీనం అని రెండు రకాలుంటాయని ఆయన ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు.

లాడ్‌బజార్ లక్కగాజు దగ్గర ఉద్యమానికి చిన్న ఆటంకం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన గాజు అది. కరిగించిన లక్క మీద రాళ్ళు ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు. దుకాణదారు "సైజ్ కౌన్సా హోనా, బాజీ?" అంటే, వదిన "ఏదైనా పర్లేదు, వేసుకోవడానికి కాదు" అంది. ఆయన తన వృత్తి జీవితంలో ఆ మాట విని ఉండడు. తీరా తెచ్చాక స్కానర్ వెలుగు రాళ్ళమీద పడి మెరుపులే తప్ప గాజు రాలేదు. చివరికి కిటికీ పక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీయాల్సి వచ్చింది.

"నిజం రిబ్బను జనరల్ బజార్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది కదా" అనే విమర్శకులు ఉన్నారు. వాళ్ళకి నా ప్రశ్న ఒక్కటే. నిజం రిబ్బనుకి అన్‌డూ ఉందా?

ఇక ప్రభుత్వం తక్షణం చేయాల్సినవి. మొదటిది, వాట్సాప్ సాక్షరత. అంచులు చెక్కి, వెనక భాగం పారదర్శకంగా చేసి, పీఎన్‌జీ ఫైలుగా దాచిన తంగేడు పువ్వును డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటోగా పంపితే అది జేపెగ్ అయిపోతుంది, జేపెగ్‌కి పారదర్శకత తెలియదు. ఫ్యామిలీ గ్రూపులో ఆ పువ్వు వెనక పలక పెట్టుకుని వచ్చింది. ఎనిమిది మంది దండం గుర్తు పెట్టారు, అది పువ్వుకో పలకకో తేలలేదు.

రెండోది, నీడల శాఖ. సూర్యుణ్ణి ఎడమ పైమూలన స్థిరపరుస్తూ జీవో రావాలి. నీడ నిఖార్సైన నలుపు కాకుండా ముదురు గోధుమ రంగులో, పలుచగా ఉండాలి. కాగితానికి సన్నని నీడ, గుండీకి కాస్త మందం, రిబ్బను కొస లేచినచోట నీడ కొంచెం దూరం జరగాలి. పువ్వులోనే నీడ కలిపేసి పంచేవాళ్ళ మీద కేసు పెట్టాలి, ఎందుకంటే దాన్ని ఇంకో వెలుగున్న పేజీలో ఎవరూ వాడుకోలేరు. ఫ్లైఓవర్ల కింద నీడ ఎటు పడుతుందో చూసుకునే ఇంజినీర్లు ఖాళీగానే ఉంటారు, డిప్యుటేషన్ మీద తీసుకోవచ్చు.

మూడోది ఫొటో స్టూడియోలపై నిఘా. ఈ శ్రమంతా అయ్యాక వదిన తన చదరపు పేజీలను ప్రింటుకి ఇచ్చింది. స్టూడియో తమ్ముడి దగ్గర ఉన్నదేమో పెళ్ళిళ్ళకు వేసే 12కి 36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్. లక్కగాజు దోసకాయంత పొడుగైంది, తంగేడు పువ్వు పడుకుంది, పిల్లవాడు మూడింతలు వెడల్పయ్యాడు. వదిన నోట మాట రాలేదు. తమ్ముడు మాత్రం ఉదారంగా నవ్వాడు.

"సైడ్‌కు మస్తు ఖాళీ వస్తుండె అక్కా, అందుకే గుంజిన. మూలకు రెండు హంసలు గూడ పెట్టిన, వాటికి పైసలొద్దు."