శనగల మీద వెంటనే చర్య తీసుకోవాలి

క్రీడాకారులు పప్పుధాన్యాలు ఎక్కువగా తినాలని కొందరు పోషకాహార నిపుణులు చేస్తున్న ప్రచారాన్ని ముక్తకంఠంతో ఖండించాలి. ఉడికించిన 100 గ్రాముల శనగల్లో దాదాపు 9 గ్రాముల ప్రోటీన్ ఉంటుందట. ఉంటే ఉండనీ. ప్రోటీన్ పొడికి ఉన్నట్టు దానికో నల్ల డబ్బా ఉందా? డబ్బా మీద నరాలు తేలిన భుజం బొమ్మ ఉందా? పొడిలో కూరుకుపోయి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికినా దొరకని స్కూపు ఉందా? వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాల్లో నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తే తయారయ్యే సరుకిది. ఇంత చవకబారు ప్రోటీన్‌తో కండ పెంచామంటే జిమ్‌లో ఎవరైనా మర్యాద ఇస్తారా?

పైగా దీనికి స్వయంశక్తి లేదు. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ కాబట్టి బియ్యమో గోధుమో తోడుండాలి. ఇనుము ఉంది గానీ గింజలోనే ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టుకుని ఓ పట్టాన వదలవు, నిమ్మరసం పిండి బతిమాలుకోవాలి. రక్తంలో చక్కెరను మెల్లగా పెంచుతుంది, నిజమే. అంతమాత్రాన తిన్నవాడు పరుగులో ముందొస్తాడా? దాని మీద పరిశోధనలు ఒక్కమాట మీద లేవు. ఇక్కడ మాత్రం సైన్స్ మాకు సగం అనుకూలం.

చరిత్ర తవ్వితే ఇంకా ఘోరం. ఎఫెసస్ అనే ప్రాచీన రోమన్ నగరంలో దొరికిన గ్లాడియేటర్ల (జనం ముందు కత్తులతో పోరాడే మల్లుల) ఎముకలను పరీక్షిస్తే, వాళ్లు ఎక్కువగా ధాన్యాలూ పప్పులూ తిని బతికినట్టు తేలింది. పెర్గమం నగరంలో గ్లాడియేటర్లకు వైద్యం చేసిన గాలెన్ అనే ప్రాచీన వైద్యుడైతే, బీన్స్ తిని వాళ్ల ఒళ్లు మెత్తబడుతోందని అప్పుడే రాసిపెట్టాడు. కత్తి దూసి మీదికొచ్చేవాడి ముందు సిక్స్ ప్యాక్ లేకున్నా నడిచిపోయిందేమో. మనకు సెల్ఫీలున్నాయి.

ఇక అసలు విషయానికొద్దాం. ఇన్నాళ్లూ పెద్దమనుషులెవరూ నోరు విప్పలేదు కానీ, పప్పుల్లో ఉండే రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ మన జీర్ణరసాల్లో లేదు. అవి అరగకుండా పెద్దపేగు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. వంద మీటర్ల పందెం ఊహించుకోండి. ఎనిమిది మంది వేళ్లు గీత వెనక ఆనించి మోకాళ్ల మీద ఉన్నారు. స్టార్టర్ ‘సెట్’ అన్నాడు. నడుములన్నీ ఒక్కసారి పైకి లేచాయి. స్టేడియం ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో తుపాకీ కన్నా ముందు ఇంకేదైనా మోగితే ఫాల్స్ స్టార్ట్ ఎవరి ఖాతాలో వేయాలి?

దీనికీ ఆ పోషకాహార నిపుణుల దగ్గర జవాబుంది. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా ఉడికించాలట. కొద్దికొద్దిగా మొదలెట్టి వారాల తరబడి పెంచుకుంటూ పోతే పేగులు అలవాటుపడతాయట. పందేనికి ముందు పూట మానేస్తే సరిపోతుందట. మొదటిరోజే వంద కిలోలు ఎత్తని మనిషి రాజ్మా మాత్రం మొదటిరోజే గిన్నెడు లాగిస్తే తప్పు రాజ్మాదా, మనిషిదా అని ఎదురు ప్రశ్నలు కూడా. తేల్చడానికి ఉన్నతస్థాయి కమిటీ వేయాలి. సభ్యులకు మధ్యాహ్నం రాజ్మా పెట్టి, కిటికీలు లేని గది కేటాయిస్తే నివేదిక సాయంత్రానికల్లా వచ్చేస్తుంది.