మధ్యకాలు చూపిస్తేనే గుర్తింపు కార్డు

ఆధార్ కోసం మనం పది వేళ్లూ నొక్కి, కళ్లు చికిలించి, అయినా మ్యాచ్ కాలేదని తిరిగొస్తాం. హవాయి దీవుల్లోని పొడవుకాళ్ల ఈగకు ఆ టెన్షన్ లేదు. మధ్యకాలు చూపిస్తే చాలు. కాకపోతే మగ ఈగ అయి ఉండాలి. ముందుగా చచ్చి కూడా ఉండాలి.

శాస్త్రవేత్తలు డోలికోపోడిడే అని పిలిచే కుటుంబం ఇది. ఇప్పటికి 7,000కు పైగా జాతులు లెక్కకొచ్చాయి. మన పెరట్లో ఆకుల మీద పచ్చగా తళుక్కుమని మాయమయ్యే సన్నటి ఈగలూ వీళ్ల బంధువులే. బెల్లం మీద ముసిరే రకం కాదు, చిన్న పురుగుల్ని వేటాడి తినే రకం. వీటిలో క్యాంప్సిక్నెమస్ అనే శాఖ ఒకటి హవాయి చేరి, అక్కడే 160కి పైగా జాతులుగా విడిపోయింది. మన పార్టీలు కూడా ఇంతగా చీలలేదు.

ఆ పేరుకు అర్థం వంకర పిక్క. ఎవరి వంకర ఏ మాదిరిదో తేల్చడమే అక్కడ కొందరి జీవితాశయం. నువ్వుగింజంత ఈగను చిన్న త్రికోణపు కాగితం కొసకు జిగురుతో అంటించి, ఆ కాగితాన్ని సూదికి గుచ్చి, మైక్రోస్కోప్ కింద పెట్టి మధ్యకాలి వెంట్రుకలు చూస్తారు. పక్కన గుర్తింపు పట్టిక ఉంటుంది. పిక్క వంగి ఉందా, ఫలానా అంకెకు వెళ్లు. తిన్నగా ఉందా, ఇంకో అంకెకు వెళ్లు. అచ్చం మన ఆఫీసులే! ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి పంపి, చివరికి "మీ ఫైలు మా దగ్గర లేదండీ" అంటారు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ మాట వినపడితే పండగ చేసుకుంటారు. ఏ కౌంటర్‌లోనూ ఫైలు లేదంటే అది కొత్త జాతి కదా మరి.

ఇక బారసాల. హొనొలులూలోని బిషప్ మ్యూజియం శాస్త్రవేత్త నీల్ ఎవెన్‌హ్యూస్ 1996లో ఒక ఈగకు క్యాంప్సిక్నెమస్ చార్లీచాప్లిని అని పేరు పెట్టారు. చచ్చాక దాని మధ్యకాళ్లు దొడ్డికాళ్లలా వంగిపోతాయట, అందుకని. చాప్లిని అనగానే మనవాళ్లు "నిన్ నున్ లన్ కూర్చి గురించి" అని అందుకుంటారు. ఆగండి. లాటిన్‌లో ఆ చివరి 'ఇ' షష్ఠీ విభక్తి, అంటే చాప్లిన్ యొక్క ఈగ. బతికుండగా అది ఎలా నడిచిందో ఎవరూ అడగలేదు. పోయిన భంగిమే పేరై కూర్చుంది.

పేరుంటే బతుకు బాగుపడుతుందా అంటే అదీ లేదు. ఒవాహు దీవిలో రెక్కలు కుంచించుకుపోయి ఎగరలేని ఈగ ఒకటి ఉండేది. 1902లో దానికి ఎంపెరోప్టెరా మిరాబిలిస్ అని పేరు పెట్టారు. మిరాబిలిస్ అంటే అద్భుతం. హవాయిలో సొంత చీమలు లేవు, మనుషుల సామాన్లతో పాటు దిగాయి. నేల మీద తిరిగే, ఎగరలేని ఈగకు చీమ ఎదురైతే ఏమవుతుంది? అది అంతరించిపోయిందనే అనుకుంటున్నారు. పేరు మాత్రం రికార్డుల్లో క్షేమం.

నా అసలు అభ్యంతరం ఆడ ఈగ తరఫున. మధ్యకాలికి కుచ్చులు, వంకరలు, ముళ్లు అన్నీ మగవాడికే. అవి చూపించే ఆమెను మెప్పిస్తాడు. ఆమె కాళ్లు సాదాసీదాగా ఉంటాయి కాబట్టి చాలాసార్లు పట్టిక ఆమెను పట్టించుకోదు. పక్కన మగవాడు దొరికితే ఫలానావాడి తాలూకు, లేకపోతే సీసాలో సారాయి, చీటీ మీద "ఆడది, జాతి తెలియదు". మన రేషన్ కార్డులో భర్త పేరు గడి చూసి పెరిగినవాణ్ణి కాబట్టి నాకిది బొత్తిగా కొత్తగా అనిపించలేదు. పట్టికకు అంతుపట్టని ఆ ఇల్లాలిని మగ ఈగ మాత్రం ఏ గుర్తు చూసి పోల్చుకుంటుందో ఆ ఈగలే చెప్పాలి.

ఈమధ్య డీఎన్ఏ పరీక్షలొచ్చాయి. ఇక ఏ ఆడ ఈగ ఏ జాతిదో మగ తోడు లేకుండానే తేల్చొచ్చు. ఆ పరీక్షకు కాస్త కణజాలం కావాలి. మామూలుగా ఒక కాలు పీకి తీసుకుంటారు.