ముందు ఆ బోర్డు మీద ‘సుఖం’ చెరిపేయండి

సంక్రాంతి వెళ్లాక ఆదోని వైపు నుంచి మా బంధువుల కుర్రాడొకడు కర్నూలు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి, పెళ్లి కుదిరింది. బస్టాండులో దిగినప్పటి నుంచి ఏదో చెప్పబోవడం, మళ్లీ మింగేయడం. రాత్రి మిద్దె మీద పడుకున్నాక, చీకట్లో, మొహం అటు తిప్పుకుని చెప్పాడు. కింద చిన్న చిన్న పొక్కులు, తెల్లగా, వరసగా. నొప్పి లేదు, దురద లేదు. మూడు నెలలుగా అలాగే ఉన్నాయి. ‘అన్నా, నాకు అదేనేమో’ అన్నాడు. ‘అది’ ఏమిటో పేరు పెట్టడానికి కూడా నోరు రాలేదు.

ఆ మూడు నెలల్లో అతను తిరగని చోటు లేదు. వేడి చేసిందని స్నేహితుడు సబ్జా గింజలు తాగించాడు. మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే ఒక ట్యూబు ఇచ్చారు. తర్వాత, నెలకోసారి లాడ్జిలో దిగే ‘స్పెషలిస్టు’ దగ్గర ఆరు వేలు పోశాడు. ఒక్క రక్త పరీక్ష రాసింది లేదు. చివరికి ధైర్యం చేసి ఒక పెద్దాసుపత్రికీ వెళ్లాడు. ఓపీ కౌంటరులో ‘ఏం కంప్లయింటు?’ అని అడిగారు, వెనక లైన్లో తెలిసిన ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ‘జ్వరం’ అన్నాడు. పారాసిటమాల్ తీసుకుని ఇంటికెళ్లాడు.

మర్నాడు నేను వెంటబెట్టుకుని చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టార్చి వేసి చూశారు, రెండు నిమిషాలు పట్టింది. పెర్లీ పెనైల్ పాప్యూల్స్ అంటారట. యుక్తవయసు వచ్చాక చాలామంది మగవాళ్లకు వస్తాయి. అంటువ్యాధి కాదు, మందు అక్కర్లేదు. పెళ్లికీ అడ్డు లేదని ఆయనే చెప్పారు. కుర్రాడు బయటికొచ్చి చేసిన మొదటి పని చూసి నాకు గుండె పట్టేసినట్టయింది. చేతిలోని చీటీ పైభాగం, ‘చర్మ, సుఖ వ్యాధుల నిపుణులు’ అని అచ్చువేసిన ముక్క, జాగ్రత్తగా మడిచి చించేశాడు. మిగతాది జేబులో పెట్టుకున్నాడు.

సుఖవ్యాధి. ఈ మాటను మనం ఇంకా ఎందుకు మోస్తున్నాం? జబ్బు పేరులోనే ‘నువ్వు సుఖపడ్డావు, అనుభవించు’ అన్న తీర్పు ఉంది. ఇంగ్లిషులో ‘వెనీరియల్’ అన్న మాట ప్రేమదేవత వీనస్ పేరు నుంచి వచ్చింది. వాళ్లు దాన్ని పక్కనపెట్టి ఎస్టీడీ (లైంగికంగా సోకే జబ్బు) అన్నారు, ఆ తర్వాత ఎస్టీఐ (లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్) అన్నారు. మనం మాత్రం పాతమాటనే బోర్డుల మీద ఎర్ర రంగుతో రాసుకుంటున్నాం. భర్త నుంచి జబ్బు తెచ్చుకున్న ఇల్లాలిని కూడా అదే బోర్డు కింద కూర్చోమంటున్నాం. ఆమె ఏ సుఖం అనుభవించిందని?

పేరు మారిస్తే రోగం పోతుందా, ముందు డాక్టర్లనూ ల్యాబులనూ పెంచండి అని కొందరంటారు. పెంచాల్సిందే. కానీ ఈ జబ్బుల విషయంలో ఉన్న వైద్యం దగ్గరికే మనిషి రావడం లేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పెట్టిన సురక్షా క్లినిక్‌లలో పరీక్ష, మందు, కౌన్సెలింగ్ అన్నీ ఉచితం. ఆ పేరులో జబ్బు ఊసే ఉండదు, అక్కడిచ్చే మందుల కిట్లను కూడా రంగులతోనే గుర్తిస్తారు. అంటే పేరు మనిషిని ఆపేస్తుందని ప్రభుత్వానికీ తెలుసు.

రాకపోతే ఏమవుతుందో చూడండి. ఈ జబ్బుల్లో ఒకటైన సిఫిలిస్‌లో మొదట వచ్చే పుండు సాధారణంగా నొప్పి పెట్టదు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. లాడ్జి వైద్యుడి కోర్సు కూడా సుమారుగా అంతే ఉంటుంది! పుండు మానితే గొప్ప ఆయనకు, క్రిమి మాత్రం రక్తంలోనే. కొన్ని వారాలకు ఒంటి మీద మచ్చలు తేలతాయి, ఏళ్లు గడిచాక గుండెకు, మెదడుకు పాకొచ్చు, గర్భిణి అయితే కడుపులో బిడ్డకూ సోకుతుంది. తొలిదశలో పట్టుకుంటే 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు చాలు. పెన్సిలిన్‌తో ఈ జబ్బు నయమవుతుందని 1943లోనే తేలింది.

ఆ ట్యూబు సంగతి కూడా చెప్పాలి. అలా అమ్మే వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసినవే. నాలుగు రోజులు దురద తగ్గినట్టుంటుంది, పల్చటి చర్మం ఇంకా పల్చబడుతుంది, లోపల తామర ఉంటే రూపు మార్చుకుని డాక్టరుకే గుర్తు దొరకదు. పైగా పొక్కులన్నీ ఒకటి కావు. నడిమధ్య చిన్న గుంట ఉన్నవి మొలస్కం అనే వైరస్ పొక్కులు కావచ్చు. పులిపిర్లలాంటివి ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వస్తాయి, క్యాన్సరు తెచ్చే 16, 18 వేరు. అర్ధరాత్రి ఫోన్లో బొమ్మలు చూసి వీటిని పోల్చుకోవడం మామూలు మనిషి వల్ల కాదు.

అసలు బాధ ఇంకా లోతుగా ఉంది. ఆ కుర్రాడు డాక్టరు ముందు కూడా ‘అక్కడ’ అనే అన్నాడు. పాపం, ఇంకేమంటాడు? ఆ భాగానికి మనకున్న వాడుకమాటలన్నీ బూతులైపోయాయి. పుస్తకాల్లో ఉన్నది మర్మాంగం. మర్మం అంటేనే రహస్యం. గుప్తరోగం అంటే దాచిన రోగం. నలుగురిలో అనగలిగే మాట ఒక్కటీ మిగల్చని భాషలో పెంచి, కౌంటరు దగ్గరికి రాగానే కంప్లయింటు చెప్పమంటున్నాం. ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. ‘తెల్లబట్ట’ అన్న ఒక్క మాట చాటున ఎన్ని జబ్బులు దాక్కుంటాయో ఆశా కార్యకర్తలను అడగండి. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేసిన బడి నుంచే ఈ మౌనం మొదలవుతోంది. తెలుగులో వైద్యం గురించి రాసేవాళ్లం, పాఠాలు రాసేవాళ్లం సిగ్గు లేని, బూతు కాని మాటలు తయారుచేసి వాడుకలోకి తేవాలి. నెలసరి అన్న మాట వచ్చాకే కదా ఆడపిల్లలు నాన్నతో కూడా ఆ విషయం చెప్పగలుగుతున్నారు.

కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లాలే కాదు, గద్వాల, రాయచూరు వైపు నుంచీ జనం వస్తారు. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయి నెలల తర్వాత తిరిగొచ్చే కుటుంబాలకు అదే దిక్కు. కర్నూలు, అనంతపురం, కడప ఆసుపత్రుల సూపరింటెండెంట్లను నేను అడిగేది ఇది. బోర్డు మీదా, చీటీ మీదా ఎక్కడెక్కడ ‘సుఖ’ అన్న మాట ఉందో అక్కడ తీసేసి ‘చర్మ విభాగం’ అని రాయించండి. ఓపీ కౌంటరులో కంప్లయింటు నోటితో అడగడం మానండి, విభాగాల నంబర్లు గోడ మీద పెట్టి ‘నాలుగో నంబరు’ అంటే చీటీ ఇచ్చేలా చూడండి. ఆ చీటీ వెనక 1097 అని అచ్చువేయించండి. అది ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత ఫోన్ నంబరు, పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు.