పండగ పూట పుస్తకమేంటమ్మా?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్లం స్కూల్లో జరుపుకున్న సంక్రాంతి సంబరాల్లో మైకులో నా మీద పేలిన జోకు చాలామంది వినే ఉంటారు. మా అమ్మాయి డాన్సు పదకొండో ఐటెం. అప్పటికి ఐదోది నడుస్తోంది. గ్రీన్‌రూమ్ బయట లాకర్ల పక్కన కింద కూర్చుని పుస్తకం తీశాను. కమిటీ పెద్దాయన ఒకరు వచ్చి, "పండగ పూట పుస్తకమేంటమ్మా, అక్కడ వడ్డనకి మనుషుల్లేరు" అన్నారు. లేచాను. పావుగంటకి యాంకరు, "మన మేడంగారు సివిల్స్‌కి ప్రిపేరవుతున్నారు, చప్పట్లు!" అన్నాడు. చేతిలో పులిహోర గరిటెతో నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మండింది. అదే కారిడార్లో నలుగురు మగవాళ్లు శంకర్‌పల్లి ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంటూ గంటన్నర నిలబడ్డారు. వాళ్లని ఎవరూ వడ్డనకి పిలవలేదు.

ఆ పుస్తకం ప్రపంచ ఆర్థిక వ్యవస్థ గురించి. నాలుగొందల పేజీలు. దసరాకి మొదలుపెడితే భోగికి నూట పన్నెండో పేజీలో ఉన్నాను. చదివేది గరాజ్‌లో, కారులో కూర్చుని. లోపలి లైటు కాసేపటికి ఆరిపోతుంది. తలుపు తెరిచి మూస్తే మళ్లీ వెలుగుతుంది. ఒక్కో అధ్యాయానికి ఎన్నిసార్లు తలుపు తీశానో!

ఏముంది అందులో అంటారా? ఆకులు రంగు మారే రోజుల్లో మనవాళ్లంతా న్యూ హాంప్‌షైర్ వెళ్తారు కదా. అక్కడ బ్రెటన్‌వుడ్స్‌లో ఎర్ర కప్పున్న తెల్ల హోటలు ముందు మేమూ ఫొటో దిగాం. 1944 జులైలో 44 దేశాలవాళ్లు కూర్చుని డాలరుని ప్రపంచానికి ఇరుసు చేసింది ఆ హోటల్లోనేనని అప్పుడు తెలియదు. ఔన్సు బంగారానికి 35 డాలర్లని లెక్క. ఇండియా తరఫున వెళ్లినవాళ్లలో అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నరు చింతామన్ దేశ్‌ముఖ్ ఒకరు, తర్వాత మన దుర్గాబాయమ్మని పెళ్లాడినాయనే. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ బంగారం లంకె తెంచేశాడు. ఇంటికి ఫోన్ చేస్తే "డాలరెంతుంది?" దగ్గర మాట మొదలయ్యే మనకి ఇది పనికిరాని చదువా?

మన ఇళ్లలో చదువుకి ఎంత మర్యాద ఉండేదో అని రాద్దామనే కూర్చున్నాను. తెనాలిలో నాన్న వసారాలో పేపరు పట్టుకుంటే ఇల్లంతా గప్‌చుప్. "నాన్నగారు చదువుకుంటున్నారు, అరవకండ్రా" అని అమ్మ గసిరేది. ఆ నిశ్శబ్దం తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం హాయిగా ఉంటుంది. అమ్మ చేతిలో వారపత్రిక మాత్రం పొయ్యి మీద పాలు పొంగేదాకానే. "అమ్మ చదువుకుంటోంది" అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

కమిటీవాళ్ల కష్టం నాకు తెలియంది కాదు. ఆఫీసు పని చూసుకుంటూ ఐదొందల మందికి భోజనాలు పెట్టడం మాటలా? గోల లేకపోతే అది పండగే కాదు, ఒప్పుకుంటాను.

ఉగాదికీ అదే స్కూలంటున్నారు. స్టేజీకి దూరంగా, మైకు వినపడని చోట ఒక క్లాస్‌రూమ్ ఇవ్వండి, రెండు గంటలు. తలుపు మీద "చదువుకుంటున్నారు" అని ఒక కాగితం అతికిస్తే చాలు. పులిహోర రెండు ట్రేలు నేనే చేసి తెస్తాను. వడ్డనకి ఆ ప్లాట్లవాళ్లని పిలవండి.